ఆన్‌లైను అంగడికి సాఫ్ట్‌వేరు నెన్నుకొనుట
(వార్షిక మహాసభలో వ్యాపార గోష్ఠియందు చేసిన ఉపన్యాసము)



భావనా ఋషి సంతతివారమని చెప్పుకొను మనకు నూలును గుఱించియు, పట్టును గుఱించియు, రంగును గుఱించియు నేడు క్రొత్తగా బోధింపవలసినది లేదు. మగ్గపుగుంటలో కాలిడిన నాటినుండి ఆ విద్య మనకు పెద్దలవలన నబ్బుచునే యున్నది. మనకు కొఱతపడినది నేయు విద్య కాదు. నేసిన వస్త్రమును న్యాయమైన వెలకు కొనువాని చేతికి చేర్చు విద్య. ఈ మధ్యకాలమున ఆ రెండవ విద్యకు ఆన్‌లైను అంగడి యనునది ఒక క్రొత్త మార్గమైనది. అట్టి యంగడిని తెఱువగోరు చిన్న కుటుంబము, దానికి వలయు సాఫ్ట్‌వేరును ఏ రీతిగా నెన్నుకొనవలయునో విన్నవింపుమని కార్యనిర్వాహకులు నన్ను ఆజ్ఞాపించిరి.

ఇది కేవలము యంత్రవిషయ మని మీరు భావింపవలదు. మన సంఘనిధినుండి పెద్ద మొత్తమును వెచ్చించి, కులస్థులందఱి వస్త్రములను ఒక్కచోట అమ్ముటకు క్రొత్తగా ఒక మహాసాఫ్ట్‌వేరును వ్రాయింపవలయునని సభ్యులలో కొందఱు సూచించియున్నారు. వారి యుద్దేశము మిక్కిలి గొప్పది. అయినను ఆ ధనము దాతలు విద్యార్థి వేతనముల కొఱకును, వసతిగృహముల కొఱకును గూడ నమ్మకముతో నొసగినది. కావున ముందుగా విషయమును తక్కెడలో నుంచి తూచుట మన విధి.

మొదట ఈ సాధనము చేయు పని యేమో చూతము. ఇంగ్లీషున షాపింగ్ కార్టు అనబడు దీనికి కొనుగోలు బుట్ట యని యర్థము చెప్పవచ్చును. కాని బుట్ట దీని పనులలో ఒకటి మాత్రమే. సరకును చిత్రములతో చూపుట, కొనువాడు ఏఱుకొన్నవానిని బుట్టలో నుంచుట, పన్నును రవాణా కర్చును లెక్కకట్టుట, డబ్బు పుచ్చుకొను సాధనమునకు కొనువానిని అప్పగించుట, అమ్ముడైనదానిని నిలువనుండి తీసివేయుట, బిల్లును వ్రాసి పార్సెలు ఎచ్చటనున్నదో తెలుపుట: ఇవి ఆఱు పనులు. అంగడిలో గుమాస్తా, గల్లాపెట్టె, చిట్టా, ఆవర్జా కలిసి చేయు పనిని ఇది యొక్కటే చేయుచున్నది. గుమాస్తాను కుదుర్చుకొనునపుడు వాని వేషమును గాక నడవడిని విచారించినట్లు, ఇచ్చటను పైమెఱుగును గాక పనితనమును విచారింపవలయును.

మన సరకునకు ఒక ప్రత్యేకత గలదు. సబ్బుబిళ్ల లమ్మువాని యొద్ద ఒకే రకమువి వేయి యుండును. ఒకటి పోయిన వేఱొకటి పంపును. మన పోచంపల్లి యిక్కత్తు చీరయైనను, ఉప్పాడ జాందానీయైనను అట్లు కాదు. అదే రంగు, అదే బుటా, అదే అంచు గల చీర చాలమాఱు లోకమున ఒక్కటే యుండును. ఆ చీరను హైదరాబాదు నుండి ఒకరును, బెంగుళూరు నుండి ఒకరును ఒకే నిమిషమున కోరి డబ్బు చెల్లించిరేని, ఒకరికి చీరయు, మఱొకరికి క్షమాపణయు పంపవలసివచ్చును. ఆ రెండవ వారు మరల మన యంగడికి రారు. కావున మనకు మొట్టమొదటి పరీక్ష, నిలువ ఒకటే యున్నపుడు ఈ సాధనమేమి చేయును అనునది.

సామాన్యముగా ఈ సాధనములలో చీరను బుట్టలో వేసికొన్నంతమాత్రమున అది యెవరికిని నిలిచిపోదు; డబ్బు చెల్లించు మెట్టుకు చేరిన పిదపనే దానిని పట్టి యుంచును. ఊకామర్స్ అను సాఫ్ట్‌వేరునందు, ఆర్డరు పెట్టి డబ్బు చెల్లింపనివారి కొఱకు సరకును ఎన్ని నిమిషములు పట్టి యుంచవలయునో మనమే నిర్ణయించు ఏర్పాటు గలదు. మనము మార్పనిచో అది 60 నిమిషములుండును. ఇట్టి యేర్పాటు మనకు ప్రాణమువంటిది. మఱియు అదే చీరను ఇంటి యరుగుమీదను, వాట్సాపులోను గూడ చూపుచుందుము. ఇంటిలో అమ్ముడైన వెంటనే ఫోనునందే దానిని తీసివేయుటకు వీలుండవలయును. కంప్యూటరు ముందు కూర్చుండినగాని తీయరాని సాధనము మగ్గముమీద నున్నవానికి పనికిరాదు.

ఇక సాధనములు రెండు తెగలు. మొదటిది అద్దె యిల్లువంటిది. రెండవది సొంత యిల్లువంటిది.

అద్దె తెగకు ప్రసిద్ధమైన యుదాహరణము కెనడా దేశపు ఒట్టావా నగరమున పుట్టిన షాపిఫై. టోబియాస్ లూట్కె యను జర్మను యువకుడు 2004లో తన మిత్రులతో గూడి మంచుమీద జాఱు పలకలను ఆన్‌లైనులో నమ్మదలచెను. అప్పటి సాధనము లేవియు నచ్చక తనకు కావలసినదానిని తానే వ్రాసికొనెను. పలకల యంగడికంటె ఆ సాఫ్ట్‌వేరే విలువైనదని గ్రహించి 2006లో దానిని ఇతర వర్తకులకు అద్దెకిచ్చుట ప్రారంభించిరి. నెలనెలకు చందా చెల్లించిన చాలును. సర్వరును కాపాడుట, దొంగలనుండి రక్షించుట, క్రొత్త సవరణలు చేయుట యంతయు ఇంటి యజమానిదే.

సొంత తెగకు ఉదాహరణము ఇంతకుముందు చెప్పిన ఊకామర్స్. 2003లో పుట్టిన వర్డ్‌ప్రెస్ అను సాఫ్ట్‌వేరుపై నిలుచు ఉపకరణముగా ఇది 2011లో వెలువడెను. 2015లో ఆటోమాటిక్ అను సంస్థ దీనిని కొనెను. దీని మూలము నెవరైనను ఉచితముగా తీసికొని, చదివి, మార్చుకొనవచ్చును. కాని ఉచితమనగా కర్చు లేనిదని యర్థము కాదు. ఇల్లు కట్టుకొనుటకు స్థలము కావలెను, అనగా హోస్టింగు. పైకప్పు కాఱిన బాగుచేయించుకొనవలెను, అనగా సవరణలును, రక్షణయు, ప్రతిదిన ప్రతులును. ఈ భారము మనదే.

రెండింటి వ్యయమును ఒక కల్పిత గణితముతో పోల్చి చూతము. ఈ మొత్తములు ధరల పట్టికలోనివి కావు. లెక్కచేయు రీతిని చూపుటకు నేను పెట్టుకొన్నవి. అద్దె సాధనమునకు నెలకు 2,000 రూపాయల చందా యనుకొందము. షాపిఫై వంటి సంస్థలు, తమ సొంత చెల్లింపు సాధనమును గాక బయటి గేట్‌వేను వాడు వర్తకునినుండి అమ్మకములపై కొంత శాతమును అదనముగా పుచ్చుకొనుట గలదు. అది 2 శాతమనుకొందము. సొంత సాధనమునకు హోస్టింగునకు నెలకు 600 రూపాయలును, చూచిపోవు పనివానికి 3,000 రూపాయలును, మొత్తము 3,600 రూపాయ లనుకొందము. దీనిపై శాతము లేదు. గేట్‌వే తన కొఱకు పుచ్చుకొను రుసుము రెండు తెగలకును సమానమే కావున దానిని లెక్కలోనుండి తీసివేయుదము. అపుడు భేదము 1,600 రూపాయలు. 2 శాతము చొప్పున 1,600 రూపాయలు కావలెనన్న నెలకు 80,000 రూపాయల అమ్మకము జరుగవలెను. చీర వెల 5,000 రూపాయలైనచో అది 16 చీరలు. నెలకు 16 చీరలకు లోపుగా నమ్మువానికి అద్దె మేలు. అంతకు మించి ఎల్లప్పుడు నమ్మువానికి సొంతము మేలు. మీరు మీ యంకెలను పెట్టుకొని ఇదే లెక్కను వేసికొనవచ్చును.

ఈ గణితమున ఒక సూక్ష్మము గలదు. చందా యనునది అమ్మకము లేని నెలలోను చెల్లింపవలసినదే. వర్షకాలమున గుంటమగ్గములలో నీరూఱి పని యాగునపుడు చీర లేదు, అమ్మకము లేదు. చందా మాత్రము ఆగదు. కావున సంవత్సరమునకు మొత్తము లెక్కవేయవలయునే గాని, పెండ్లి ముహూర్తముల మాసమును చూచి మురియరాదు.

ఇపుడు కొందఱు, ఆ జర్మను యువకుడు తానే వ్రాసికొనగా లేనిది మన సంఘ మేల వ్రాయింపరాదని యడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. అతడు స్వయముగా ప్రోగ్రాములు వ్రాయువాడు. తన సాధనమున దోషము కనబడిన ఆ రాత్రియే దిద్దుకొనగలిగినవాడు. మనము కూలికి వ్రాయింతుము. వ్రాసినవాడు వేఱొక యుద్యోగమునకు పోయిన పిదప దోషము బయటపడిన, దానిని దిద్దువాడు దొరకుట కష్టము. సాఫ్ట్‌వేరు రాతికట్టడము వంటిది కాదు, తోటవంటిది. నీరు పోయువాడు పోయిన ఎండిపోవును.

దీనికి మజెంటో చరిత్రము దృష్టాంతము. 2008లో వెలువడిన ఈ సాధనమును ప్రపంచమున అనేక వేల వర్తకులు వాడిరి. దాని మొదటి సంపుటమునకు 2020 జూన్ 30తో యజమానుల సంరక్షణ ముగిసెను. అప్పటికి క్రొత్త సంపుటమునకు మాఱనివారు చాలమంది యుండిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో దొంగలు కొద్ది దినములలోనే సుమారు 2,000 అంగళ్లలో ప్రవేశించి, కొనువారు తమ కార్డు వివరములను వ్రాయునపుడే వానిని అపహరించు ఏర్పాటు చేసిరి. అంత పెద్ద సంస్థ వెనుకనున్న సాధనమునకే సంరక్షణ యాగిన యీ గతి పట్టగా, నలుగురు మాత్రమే యెఱిగిన మన సాధనమునకు దిక్కెవ్వరు?

డబ్బు పుచ్చుకొను విషయము పిమ్మట చెప్పదగినది. 2016లో ప్రారంభమైన యూపీఐ వలన మన పని చాల సులభమైనది. 2020 జనవరి నుండి యూపీఐ చెల్లింపులపై వర్తకునినుండి పుచ్చుకొను బ్యాంకు రుసుమును ప్రభుత్వము తొలగించినది. అయినను గేట్‌వే సంస్థ తాను చేయు సేవకై కొంత పుచ్చుకొనవచ్చును. దానిపై జీఎస్టీయు పడును. ఆ పట్టికను సంతకమునకు ముందే చదువవలయును. డబ్బు మన ఖాతాకు ఎన్ని దినములలో చేరును, చీర తిరిగివచ్చి డబ్బు వాపసు చేసినపుడు మొదట పుచ్చుకొన్న రుసుము తిరిగి యిత్తురా యను రెండు ప్రశ్నలు తప్పక యడుగుడు. నూలు కొనుటకు రొక్కము కావలసినవానికి మూడు దినముల యాలస్యమును లెక్కయే.

కార్డు సంఖ్యలను మన యంగడిలో వ్రాసి దాచుకొను కోరిక యెవరికిని కలుగరాదు. 2022 అక్టోబరు 1 నుండి వర్తకులు అట్లు దాచుట రిజర్వు బ్యాంకు నిబంధనలచే నిషిద్ధము. చెల్లింపు పుట గేట్‌వేదిగనే యుండునట్టి సాధనమును ఎన్నుకొన్నచో ఆ యపాయము మన గడప దాటి లోనికి రాదు.

సరకు చేరిన పిదప డబ్బిచ్చు పద్ధతి మన దేశమున మిక్కిలి వాడుకలో నున్నది. క్రొత్త యంగడిని నమ్మనివానికి అది ధైర్యము నిచ్చునుగాని, పార్సెలు గుమ్మము వద్దకు వచ్చినపుడు వలదనువారు కొందఱుందురు. అపుడు రానుపోను కర్చులు మనవే. చీర పదిదినములు బండ్లలో తిరిగి మడతలు చెడి వచ్చును. కావున ఈ పద్ధతిని వెల ననుసరించియు, పిన్‌కోడు ననుసరించియు నిలుపుటకును, కొంత బయానా పుచ్చుకొనుటకును వీలున్నదా యని విచారింపవలయును.

పన్ను విషయమున సాధనమునకు తెలియవలసిన ధర్మ మొకటి గలదు. ఒకే రాష్ట్రములో అమ్మిన జీఎస్టీ కేంద్రమునకును రాష్ట్రమునకును చెఱిసగముగా రెండు పద్దులలో పడును. రాష్ట్రము దాటిన ఒకే పద్దుగా పడును. 2014లో రాష్ట్రము రెండైన పిదప మంగళగిరి నుండి హైదరాబాదునకు పోవు చీర రాష్ట్రము దాటినట్లే. కొనువాని చిరునామానుబట్టి దీనిని తానే గ్రహింపలేని సాధనము ప్రతి బిల్లునందును మనలను తప్పులోకి దింపును. మఱియు పన్ను రేట్లు శాశ్వతములు కావు. 2025 సెప్టెంబరు 22న అనేక వస్తువుల రేట్లు మాఱినవి. అట్టి మార్పును పనివానికై ఎదురుచూడక మనమే చేసికొనగలుగవలెను. ఇతర రాష్ట్రములకు అమ్ముటకు ముందు రిజిస్ట్రేషను విషయము మీ పన్ను సలహాదారునితో మాటలాడుడు.

2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు ఫిర్యాదులను విను అధికారి పేరును, సంప్రదింపు వివరములను వెబ్‌సైటులో ప్రకటింపుమనుచున్నవి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, ఒక నెలలో పరిష్కరింపుమనుచున్నవి. వీనికి తగిన పుటలను తెలుగులోను, ఇంగ్లీషులోను పెట్టుకొను వీలుండవలయును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఏ యింటిలోనికి పోవునపుడైనను బయటికి వచ్చు ద్వారము ఎచ్చటనున్నదో చూచుకొనవలయును. సాధనమును మార్చవలసివచ్చిన దినమున మన సరకుల పట్టిక, చిత్రములు, కొన్నవారి పేర్లు, పాత ఆర్డర్లు మనతో వచ్చునా? వీనిని సాదా పట్టికగా, అనగా సీఎస్‌వీ రూపమున, దింపుకొను వీలు గల సాధనమునే యెన్నుకొనవలెను. చిట్టా ఆవర్జాలను అద్దె యింటి గోడలో కట్టివేయు వర్తకుడెవ్వడును లేడు గదా!

వెబ్‌సైటు పేరు, అనగా డొమైను, ఎవరి యీమెయిలుతో రిజిస్టరగునో వారి యధీనములో నుండును. అంగడిని కట్టిన పనివాడే సౌకర్యమునకై తన పేర రిజిస్టరు చేయుట తఱచుగా జరుగుచున్నది. వానితో వివాదము కలిగిన నాడు పదేండ్లు పెంచిన పేరు వాని చేతిలో నుండును. కావున డొమైనును, గేట్‌వే ఖాతాను, హోస్టింగు ఖాతాను కుటుంబ పెద్ద పేరను, కుటుంబపు ఫోనుపైనను తీసికొనుడు. పనివానికి ప్రవేశము మాత్రమే యిండు, అధికారము నీయకుడు. ఇది యొక్క పైస కర్చులేని జాగ్రత్త.

పెద్ద మార్కెటు సంస్థలలో అమ్మరాదా యని యడుగువారికి, అమ్మవచ్చుననియే నా యుత్తరము. అచ్చట సంతలో వలె జనము పుష్కలముగా వత్తురు. కాని కమీషను పోవును. కొన్నవారు ఆ సంస్థను జ్ఞాపకముంచుకొందురుగాని మనలను గాదు. సంత సంతయే, అరుగు అరుగే. సంతలో పరిచయమైనవారిని అరుగునకు రప్పించుకొను నేర్పు మనకుండవలెను.

ఎన్నుకొనుటకు ముందు పది దినములు పరీక్షింపుడు. మీ యింటి యువతియో యువకుడో ఎవరి సాయము లేక ఐదు చీరలను చిత్రములతో ఎక్కింపనిండు. రెండు ఫోనులలో ఒకే చీరను ఒకే నిమిషమున కొని చూడుడు. ఒక బిల్లును మన రాష్ట్రపు చిరునామాకును, ఒక బిల్లును పొరుగు రాష్ట్రపు చిరునామాకును వ్రాయించి పన్ను పద్దులను చూడుడు. చిన్న మొత్తమును చెల్లించి వాపసు పొందుడు. నెట్టు మందముగా నున్న గ్రామమున తక్కువ వెలగల ఫోనుతో పుటను తెఱచుడు. కడపట సమస్తమును దింపుకొని చూడుడు. ఈ యాఱు పరీక్షలలో నిలిచినదే మీకు తగినది. దాని పేరు గొప్పదియైనను కాకున్నను చింతలేదు.

కావున సభవారికి నా విన్నపము. సంఘనిధితో క్రొత్త సాఫ్ట్‌వేరును వ్రాయింపవలదు. అందులో కొద్ది భాగముతో, ఈ యేడు కొన్ని నేత కుటుంబములకు సిద్ధముగానున్న సాధనములతోనే అంగళ్లు తెఱిపింతము. కొందఱికి అద్దెవి, కొందఱికి సొంతవి యిచ్చి, సంవత్సరాంతమున లెక్కలను ఈ సభ ముందే చదివింతము. మిగిలిన ధనమును మన పిల్లలకు చిత్రములు తీయుటయు, బిల్లులు వ్రాయుటయు, ఉత్తరములకు మర్యాదగా బదులిచ్చుటయు నేర్పుటకు వినియోగింతము. సూరతు, భివండి, షోలాపురములలోను విదేశములలోను నున్న మనవారు తొలి కొనుగోలుదారులై, లోపములను మొగమాటము లేక తెలిపినచో అదియు గొప్ప విరాళమే.

ఒక్క పని మాత్రము ఏ సాఫ్ట్‌వేరును చేయజాలదు. చేనేతయని వ్రాసినచోట చేనేతయే యుండుట మన నీతిపై నాధారపడియున్నది. మరమగ్గముపై నేసి బ్రదుకు మన సోదరులు సిరిసిల్లలోను ఇతర స్థలములలోను ఎందఱో గలరు. వారి వృత్తియు గౌరవనీయమే. మరమగ్గపు చీరను ఆ పేరుతోనే అమ్ముదము. చేనేత చీరపై నేసినవారి యూరును, పట్టిన దినములను వ్రాయుదము. చిత్రములో ఎఱ్ఱగా కనబడి పెట్టెలో నారింజవన్నెగా వచ్చిన చీరను మాఱుమాటలేక తిరిగి పుచ్చుకొందము. తాకి చూడకయే డబ్బు పంపినవారు మన మాటను నమ్మి పంపినవారు; ఆ నమ్మకమును నిలుపుకొన్న కుటుంబమునకు ఏ సాధనమైనను అక్కఱకు వచ్చును.

ఈ సూచనలను తీర్మానసంఘమువారు చర్చింతురుగాక యని ప్రార్థించి విరమించుచున్నాను.